టీ గ్లాసు కింద పెట్టేవరకు

2017 జులై పదకొండో తేదీ, మంగళవారం. ఆ మధ్యాహ్నం నేను తిన్నది ఇంటి నుంచి వండి తెచ్చుకున్న అన్నం, చారు; వాటికి తోడు మా దగ్గర రంగు పని చేసే నూకరత్నం తన క్యారియర్ మూతలో తెచ్చి, నా ముందు పెట్టి, ఏమీ అనకుండా వెళ్ళిపోయిన ఆనపకాయ ఎండురొయ్యల కూర. కూర చాలా బాగుంది కాని, తేదీ గుర్తుండడానికి కారణం అది కాదు. ఆ రోజు మూడు గంటల వేళ మా బీరువాల షెడ్డు మీద మండలి వారి దృష్టి పడింది.

షెడ్డు అనకాపల్లి శివార్లలోని చిన్న పారిశ్రామిక వాడలో ఉంది. యజమాని ఎల్లాజీరావు. రేకు కొయ్యడం, వంచడం, వెల్డింగు పెట్టడం, పుట్టీ పట్టి రంగు కొట్టడం, తాళం బిగించి లారీ ఎక్కించడం, ఇదీ పని. మొత్తం ఎనిమిది మందిమి. నేను కాలేజీ లైబ్రరీలో పుస్తకాలిచ్చే ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి. మా ఆవిడ పోయాక ఇంట్లో గోడగడియారం చప్పుడు మరీ పెద్దదైపోయిందని ఎవరితోనో అంటే, ఒకప్పుడు మా కాలేజీలో రెండేళ్ళు చదివి మానేసిన ఎల్లాజీ విని, "మా షెడ్డుకొచ్చి ఫోన్లు చూసుకోండి మేష్టారూ, అక్కడ గడియారం ఇనపడదు," అన్నాడు. నిజమే, రేకు మీద సుత్తి పడుతుంటే ఏ గడియారమూ వినపడదు. నేనెవరికీ ఒక్క ముక్క పాఠం చెప్పకపోయినా అక్కడందరూ నన్ను మేష్టారనే అంటారు.

మండలి అంటే చిరుసంస్థల చిరకాల పనితీరు మండలి. చిన్న చిన్న సంస్థలు ఎందుకు ఎక్కువకాలం నిలబడవు, నిలబడినవి ఎందుకు నిలబడ్డాయి అని తెలుసుకోవడం వారి బాధ్యత. చుట్టుపక్కల షెడ్లలో రెండొందలు ఎక్కువిస్తామంటే మనుషులు మారిపోతారు. మా షెడ్డులో ఏళ్ళ తరబడి ఎవరూ మానలేదు. ఇది ఎవరి ద్వారానో మండలి వారికి తెలిసింది.

వచ్చినవారు ఇద్దరు. ఉపసంచాలకులు డాక్టర్ కమలాకర్ గారు. నమోదు సహాయకురాలు హేమలత. ఆయన మాట్లాడతారు, ఆమె ట్యాబులో ఎక్కిస్తుంది.

"మీ సంస్థ నందు మానవ వనరుల నిలుపుదల నిమిత్తం అమలుపరుస్తున్న విధానములేవి?" అని అడిగారు కమలాకర్ గారు.

ఎల్లాజీ నా వైపు చూశాడు.

"మనుషులు ఎందుకు మానెయ్యడం లేదంటున్నారు," అన్నాను.

"మానేసి ఎక్కడికెల్తారండీ?" అన్నాడు ఎల్లాజీ.

"అది విధానం కాదు," అన్నారు కమలాకర్ గారు దయగా. బోనస్ సంగతి అడిగారు. దసరాకి చీర, పంచె ఇస్తామన్నాడు. ప్రేరణాత్మక ఉపన్యాసాలు ఉన్నాయా అన్నారు. లేవు. యోగా? లేదు. సంస్థ దార్శనిక వాక్యం గోడ మీద రాసుందా? గోడ మీద 'పొగ తాగరాదు' అని ఉంది, దాని కింద కూచుని మా వెల్డింగు సన్యాసిరావు రోజూ చుట్ట కాలుస్తాడు. కమలాకర్ గారు నిరాశగా లేవబోయారు. అంతలో టీ వచ్చింది.

టీ వస్తే మా షెడ్డులో ఒక అలవాటుంది. గ్లాసులందరి చేతుల్లోకీ వెళ్ళాయో లేదో, రంగు గదిలోంచి నూకరత్నం వచ్చి ఎల్లాజీ ఎదురుగా నిలబడింది.

"బాబూ, నా గదిలో ఫ్యాను ఎప్పుడు బాగుసేయిస్తావు? నాను ఆ రంగు వాసనకి సచ్చిపోయినాకా? అప్పుడు నా ఫొటోకి గాలి తగలాలనా?"

"మొన్ననే కదేటి మనిషిని పంపినాను."

"పంపినావు. ఆడొచ్చి ఫ్యానుని సూసి దణ్ణమెట్టి ఎల్లిపోనాడు."

"ఫ్యాను సంగతి తరవాత గాని అప్పా," అన్నాడు ఆమెని అక్క వరసన పిలిచే సన్యాసిరావు, "రంగు డబ్బా మూత తీసి ఒగ్గేత్తన్నావు. నా నిప్పురవ్వ పడిందంటే నీకు గాలే అక్కర్లేదు."

"నీ నిప్పురవ్వలు నీ వొళ్ళో ఏసుకో. ముందు ఆ అతుకు సూసుకో, పుట్టీ పట్టలేక నా సెయ్యి పడిపోతంది. అతుకంటే సన్నగా ఉండాల. నీది పాము మింగిన కప్పలాగుంది."

"అది మట్టుకు నిజం," అన్నాడు ఎల్లాజీ. "నీకేటి తెలుసు," అని ఇద్దరూ కలిసి ఎల్లాజీ మీద పడ్డారు. తక్కినవాళ్ళూ అందుకున్నారు. గొంతులు రేకు పైకప్పుకి తగిలి మోగుతున్నాయి. కమలాకర్ గారు కుర్చీని గుమ్మం వైపు జరుపుకున్నారు. అంతలో నూకరత్నం టీ అయిపోయింది. గ్లాసు కింద పెట్టింది. సన్యాసిరావూ పెట్టాడు. నిమిషంలో ఎవరి పనికి వాళ్ళు వెళ్ళిపోయారు. లోపల నూకరత్నం ఏదో పాత పాట కూనిరాగం తీస్తోంది.

"పోలీసులకు చెప్పవలసిన అవసరం లేదా?" అని కమలాకర్ గారు మెల్లగా అడిగారు.

అప్పుడు ఎల్లాజీ సంగతి చెప్పాడు. చాలా ఏళ్ళ క్రితం ఒక హాస్టలుకి పంపిన బీరువాలన్నీ తిరిగొచ్చాయి. రేకు పల్చన, మోచెయ్యి ఆనిస్తే చొట్టపడుతోంది. రేకు పల్చనని కోసినవాడికి తెలుసు, వంచినవాడికి తెలుసు, అతికినవాడికి తెలుసు. కొనుక్కొచ్చింది యజమాని గనక ఎవరూ అనలేదు. ఆ మర్నాడు ఎల్లాజీ చెప్పాడు: చేతిలో టీ ఉన్నంతసేపూ ఎవరినైనా ఏమైనా అనొచ్చు, నన్ను కూడా. ఇంటి సంగతులు మట్టుకు ఎత్తకూడదు. గ్లాసు కింద పెడితే మాట అయిపోయినట్టే.

"అంతే?" అన్నారు కమలాకర్ గారు.

"అంతేనండి."

అంతే కాదు. మర్నాడు పొద్దున్న నూకరత్నం వచ్చేసరికి ఫ్యాను తిరుగుతోంది. డబ్బాలకి మూతలున్నాయి. సన్యాసిరావు అతుకు సన్నబడింది. ఎవరూ ఎవరికీ చెప్పకుండా జరిగిపోయే ఈ రెండో భాగాన్ని చూడాలంటే మండలి వారు మర్నాడు కూడా రావాలి. వారికి ప్రయాణ భత్యం ఒక్కరోజుకే మంజూరైంది.

*

దసరా వెళ్ళాక ఉత్తర్వు వచ్చింది. మా అలవాటుకి 'సమయబద్ధ పరస్పర విమర్శ' అని పేరు పెట్టారు. జిల్లాలోని చిరుసంస్థలన్నియు ప్రతి పనిదినమున మధ్యాహ్నం మూడున్నర గంటలకు తేనీటి సమావేశం జరిపి, కనీసం రెండు విమర్శలు నమోదు చేయవలెనని, అందు ఒకటి యజమానిపై ఉండవలెనని, కంఠస్వరం పక్క షెడ్డువారికి వినబడు స్థాయిలో ఉండవలెనని అందులో ఉంది. పాటించని సంస్థల షెడ్డు లీజు పొడిగించబడదు.

వాడలో సందడి మొదలైంది. పిండిమర నడిపే మొగుడూపెళ్ళాలు మండలి ఆఫీసుకి వెళ్ళారు. "మా ఇద్దరికీ పొద్దున్న లేచీ లేవగానే అయిపోద్దండి. మూడున్నరదాకా ఆపుకోవాలంటే ఎలాగ?" అని ఆవిడ మొరపెట్టుకుంది. ఉదయపు తగువు వ్యక్తిగతం, సంస్థాగతం కాదు గనక లెక్కలోకి రాదని తేల్చారు. ఒంటరిగా వాచీలు బాగుచేసుకునే ముసలాయన తానెవరితో తగువాడాలని అడిగితే, మండలి వారు ఆలోచించి 'సంచార విమర్శకుడు' అనే కొత్త పదవి సృష్టించారు. ఆ ఉద్యోగి మోటారుసైకిల్ మీద వచ్చి, ముసలాయన్ని నాలుగు తిట్టి, ఆయన చేత నాలుగు తిట్టించుకుని, సంతకం తీసుకుని పక్క వీధికి వెళ్ళేవాడు. కొన్నాళ్ళకి ముసలాయన అతని కోసం పకోడీలు తెప్పించి ఉంచడం మొదలెట్టాడు. స్నేహభావం పెరిగి విమర్శ నాణ్యత తగ్గుతోందని ఆ ఉద్యోగిని బదిలీ చేశారు.

పెళ్ళి బ్యాండువాళ్ళది మరీ ఇబ్బంది. సరిగ్గా మూడున్నరకి ఊరేగింపు మధ్యలో వాయిద్యాలు దించి, టీ పుచ్చుకుని, డోలు సరిగా కొట్టలేదని క్లారినెట్ ఆయన, గాలి సరిగా ఊదలేదని డోలు ఆయన అరుచుకుంటే, పెళ్ళికొడుకు తరఫువాళ్ళు అది తమని ఉద్దేశించిందేమో అనుకుని కలగజేసుకున్నారు. ఆ రోజు నమోదైన విమర్శల సంఖ్య జిల్లాలోనే ఎక్కువ. బ్యాండుకి ప్రశంసాపత్రం వచ్చింది.

మా షెడ్డుని 'మాతృకేంద్రం'గా ప్రకటించారు. ఆ బోర్డుకి రంగు కొట్టింది నూకరత్నమే. శిక్షణకి సన్యాసిరావుని పంపాం. రెండ్రోజులు అక్కడే ఉండి, తిరిగొచ్చి మాతో చెప్పాడు.

"మొదలు ఎదటోడి పని మెచ్చుకోవాలట, తరవాత తిట్టాలట, ఆఖర్ని మళ్ళీ మెచ్చుకోవాలట. నాకు ఆఖరుకొచ్చేసరికి మొదట ఏటి మెచ్చుకున్నానో గుర్తుండలేదు. తప్పించీసినారు."

"నువ్వు తప్పినావా? తగువులోనా?" అన్నాడు ఎల్లాజీ.

"అవును బాబూ. నా తగువులో ప్రామాణికత లేదట."

మాతృకేంద్రం గనక మాకొక గౌరవం కూడా దక్కింది. రోజూ మూడున్నరకి హేమలత వచ్చి, మాతోపాటు కూచుని, ప్రతి మాటా ట్యాబులో ఎక్కించేది. ఆమె మంచిది. వస్తూ నాకు పేపరు తెచ్చిపెట్టేది, గళ్ళనుడికట్టు పూరించకుండా. ఒకసారి చెప్పిన ఫిర్యాదు అదే వారంలో రెండోసారి చెబితే కొత్తది కాదు గనక చెల్లదని మొహమాటపడుతూ చెప్పేది.

మొదటి వారంలో మావాళ్ళు ఎప్పట్లాగే నోటికొచ్చినట్టు మాట్లాడారు. బ్రష్షు కడగలేదని ఒకడు నూకరత్నాన్ని అన్నాడు. పుట్టీ ఆరకముందే రంగు కొట్టిందని సన్యాసిరావు అన్నాడు. ఆమె ఇద్దరికీ తిరిగి బాగానే వడ్డించింది. మామూలుగానైతే గ్లాసులతోపాటు ఆ మాటలూ కడిగేసుకుపోయేవి. కాని ట్యాబులో పడ్డ మాట అలా పోదని నెల తిరిగేసరికి తెలిసింది. అనుబంధ ఉత్తర్వు వచ్చింది. యజమాని మినహా ఒకే వ్యక్తి పనిలో లోపము మూడుమార్లు నమోదైనచో సదరు వ్యక్తిని తదుపరి తేనీటి సమావేశమున సంస్థ నుండి తొలగించవలెను. ఈ నిబంధన వెనుకటి తేదీ నుండి వర్తించును.

"అంటే రత్నప్పకి రెండైపోనాయి," అన్నాడు సన్యాసిరావు.

నూకరత్నం యాభై ఆరేళ్ళ మనిషి. ఆమె మొగుడు మంచం మీదున్నాడు. ఈ షెడ్డు కాక మరో చోట ఆమెకి పనిచ్చేవాళ్ళు ఎవరూ లేరు. మరో చోట పని చేద్దామన్న ఆలోచనా ఆమెకెప్పుడూ రాలేదు.

"సూసినారా, నా అంత గొప్పది ఈ షెడ్డులో ఎవరూ లేరు. గవర్నమెంటులో నా పేరు రెండుసార్లు పడింది," అందామె నవ్వుతూ. మేమూ నవ్వాం. ఆ మర్నాటి నుంచి మా తేనీటి సమావేశాలు ఎంతో మర్యాదగా జరగసాగాయి.

"ఎల్లాజీ బాబూ, నీ బల్ల మీద కాయితాలు సర్దుకోవడం లేదు," అనేవాడు సన్యాసిరావు పక్క షెడ్డుకి వినపడేలా.

"సన్యాసీ, నీ చెప్పులు టపటపలాడతన్నాయి," అనేవాడు ఎల్లాజీ అంత గట్టిగానూ.

"మేష్టారూ, మీరు ఎవర్నీ ఏటీ అనరు. అది నాకు సాలా కష్టంగా ఉంది," అనేవాడు మళ్ళీ సన్యాసిరావు.

"ఇది పనితీరుకి సంబంధించిందేనాండీ?" అని హేమలత అడిగేది.

"ఆయన పనే అదమ్మా," అనేవాడు సన్యాసిరావు.

రోజుకి రెండు. పక్క షెడ్డుకి వినపడాలి. పని గురించి ఉండాలి, కాని ఎవరికీ తగలకూడదు. ఎనిమిది మందిమీ పొద్దున్నుంచి అదే ఆలోచించేవాళ్ళం. టీ వేళ దగ్గరపడుతుంటే సుత్తి చప్పుడు కూడా మెత్తబడేది.

*

సంక్రాంతి వెళ్ళిన కొన్నాళ్ళకి సన్యాసిరావు ఒక బీరువా ముందు ఒంగి, చాలాసేపు అలాగే ఉండిపోయాడు. వెళ్ళి చూశాను. తలుపు కింది అంచున రంగు కారి, చుక్కలు చుక్కలుగా ఎండిపోయింది. తలుపు తెరిచాడు. కింది అర లోపలి మూల సగం రంగే పడలేదు. నూకరత్నం చేతిలో అలాంటిది ఎన్నడూ చూడలేదు. అతను నా మొహం చూశాడు. నేను పైకప్పు చూశాను. అది మూడో విమర్శ అవుతుంది.

ఆ మర్నాటి నుంచి అతను అందరికంటే ముందొచ్చి, తాళం తీసి, ఆమె ముందురోజు కొట్టిన తలుపుల కింది అంచులు గీకి మళ్ళీ రంగు కొట్టేవాడు. వెల్డింగు చేతికి బ్రష్షు అంత లొంగదు. ఒక వకీలు గారు తన బీరువా అడుగున గీతలున్నాయని తిప్పి పంపించారు. ఆయన భార్యకి ఆ రంగు నచ్చలేదట అని ఎల్లాజీ నూకరత్నానికి చెప్పాడు. ఇంకో రెండు కూడా తిరిగొచ్చాయి. ఎల్లాజీ మరో ఇద్దరు భార్యలని కల్పించాడు.

"ఈమద్దె ఆడోళ్ళకి ఏ రంగూ నచ్చడం లేదేటి," అందామె.

ఈ కాలంలోనే మా కేంద్రం నాణ్యత సూచిక జిల్లాలో మొదటి స్థానానికి చేరింది. విమర్శల సంఖ్య ఎక్కువ, మూడు నమోదులు దాటిన వ్యక్తులు శూన్యం. అంటే ఇక్కడ విమర్శ వల్ల లోపాలన్నీ సమసిపోయాయని మండలి వారు ఒక వ్యాసం ప్రచురించారు. వ్యాసం వచ్చిన రోజునే నాలుగో బీరువా తిరిగొచ్చింది.

మార్చి నెలాఖరుకి లీజు గడువు. దానికి ముందు తుది తనిఖీ. కమలాకర్ గారు మరో ఇద్దరు సభ్యులతో వచ్చారు. హేమలత ట్యాబు పట్టుకుని ఒక పక్కగా కూచుంది. టీ అందరి చేతుల్లోకీ వెళ్ళింది. అంతకుముందే అనుకున్న ప్రకారం సన్యాసిరావు గొంతు సవరించుకుని, "ఎల్లాజీ బాబూ, ముందుగా నీ క్రమశిక్షణని మెచ్చుకుంటన్నాను. కాని నీ బల్ల..." అని మొదలెట్టాడు.

"ఆగరా," అంది నూకరత్నం.

గ్లాసు పట్టుకుని రంగు గది గుమ్మంలో నిలబడి ఉంది.

"పొద్దున్న బస్సు బేగి దొరికింది. బేగొచ్చినాను. నా తలుపు ముందు కూసుని నా బ్రష్షుతో ఏటి సేత్తన్నావురా?"

సన్యాసిరావు నోరు తెరిచాడు. హేమలత వేలు ట్యాబు మీద ఆగి ఉంది. అతను నోరు మూసుకున్నాడు.

"రత్నం, తరవాత మాటాడుకుందుం," అన్నాడు ఎల్లాజీ.

"తరవాతేటి బాబూ? టీ సేతిలోనే ఉంది కదా." ఆమె గొంతు పైకప్పుకి తగిలింది. చాలా నెలల తర్వాత అక్కడ అలాంటి గొంతు విన్నాం. "నాకు కింద అంచు అగుపడ్డం లేదు. అగుపడ్డం లేదని నాకు తెలీదు, అగుపడనిది ఎలాగ తెలుత్తాది? మీకు తెలుసు. ఎనిమిది మందీ... సరే, ఏడుగురు. ఏడుగురికీ తెలుసు. నా యెనక నా రంగు గీకుతన్నారు. ఆ వకీలు పెళ్ళానికి రంగు నచ్చలేదన్నావు. ఆయనకి పెళ్ళి కాలేదట, ఆరింటి వాచీమేన్ సెప్పినాడు. నామీద జాలి పడుతున్నారేటి? నానేటి ముష్టెత్తుకోడానికి వత్తన్నానా మీ షెడ్డుకి?"

"సెప్తే నిన్ను తీసేత్తారప్పా," అన్నాడు సన్యాసిరావు. "మూడోది అయిపోద్ది."

"తీసేత్తే తీసేత్తారు. సెడ్డ రంగు నా సేతిమీద ఊళ్ళోకి ఎల్లడం బాగున్నాదేటి? నువ్వు నాకు సెప్పకపోతే ఇంకెవుడు సెప్తాడు, నా మొగుడా? ఆడికి గోడ తప్ప ఏటీ అగుపడదు."

అక్కడితో సన్యాసిరావుకి కూడా ఓపిక పోయింది.

"అయితే ఇనుకో. నీ రంగు కారిపోతంది. కింద అర సగం ఒగ్గేత్తన్నావు. తెల్లారగట్ల లెగిసి నీ పని నాను సెయ్యలేక నా నడుం పడిపోనాది. కళ్ళజోడెట్టుకోమంటే ముసిల్దాన్ని కాదంటావు."

"ఎప్పుడన్నావురా కళ్ళజోడని?"

"అన్లేదు. అంటే అలాగంటావని తెలుసు."

"అని సూడాల్సింది."

"ఇప్పుడంటన్నాను. ఎట్టుకో."

"ఎట్టుకుంటాను. నీకేటి?"

ఇద్దరూ ఒకేసారి గ్లాసులు కింద పెట్టారు. కమలాకర్ గారు జేబురుమాలు తీసి కళ్ళొత్తుకున్నారు.

"అత్యద్భుతం. ఇట్టి ప్రామాణికత నా సేవాకాలంలో చూడలేదు," అన్నారాయన. నూటికి తొంభై ఏడు మార్కులు వేశారు. మొదట్లోనూ ఆఖర్నా మెచ్చుకోలు లేనందుకు మూడు తగ్గించారు. లీజు పదేళ్ళకి పొడిగించినట్టు అక్కడికక్కడే సంతకం చేశారు. అందరితోనూ చేతులు కలిపారు, నూకరత్నంతో కూడా.

"సార్," అంది హేమలత నెమ్మదిగా. "ఆమెకి ఇది మూడోది."

కమలాకర్ గారి మొహంలో నిజంగానే బాధ కనిపించింది. అది నేను ఒప్పుకోవాలి. "వ్యక్తిగతంగా నేను చింతిస్తున్నాను," అన్నారాయన. "అయితే నిబంధనను అత్యుత్తమ కేంద్రమే పాటించనిచో తక్కిన కేంద్రములకు ఎట్టి సంకేతం వెళ్ళును? తొలగింపు జరగవలసిందే." పక్కనున్న సభ్యులిద్దరూ సంకేతం విషయంలో ఆయనతో ఏకీభవించారు.

వాళ్ళు కారు వైపు నడిచారు. హేమలత వెనకబడింది. నా బల్ల దగ్గర ఆగి, ట్యాబులోంచి ఆ నిబంధన చదివింది. చదివినదే మళ్ళీ చదివింది, చిన్నపిల్లకి పద్యం చెప్పినట్టు ఆగి ఆగి.

"తదుపరి తేనీటి సమావేశమున, అని ఉందండీ మేష్టారూ. తేనీటి సమావేశంలోనే తొలగించాలి. మామూలు సమయంలో కుదరదు. తేనీరు లేకుండా అస్సలు కుదరదు." నా మొహంలోకి చూడకుండా పేపరు బల్ల మీద పెట్టి, "రేపు మూడున్నరకి వస్తాను," అని వెళ్ళిపోయింది.

*

మర్నాడు పొద్దున్నే ఎల్లాజీ టీ కొట్టుకి ఫోన్ చేయించాడు. ఇక మా షెడ్డుకి టీ వద్దన్నాం. కొట్టువాడు బాధపడి, టీ బాగాలేదా అని అడిగాడు. బాగానే ఉంది, కాని చాలా బలంగా పనిచేస్తోందని చెప్పాను.

సన్యాసిరావు భార్య పెద్ద స్టీలు క్యాను నిండా చోడి అంబలి, అంటే రాగి జావ, కాచి పంపింది. మూడున్నరకి హేమలత వచ్చేసరికి ఎనిమిది గ్లాసుల్లోనూ అంబలి ఉంది, ఉల్లిపాయ ముక్క నంజుకుంటున్నాం.

"ఇదేమిటండీ?" అంది.

"అంబలమ్మా. తాగుతావేటి?" అన్నాడు సన్యాసిరావు.

ఆమె ట్యాబులో 'తేనీటి సమావేశం జరగలేదు' అని ఎక్కించింది. "రేపు?"

"రేపూ అంబలే."

ఆమె ఒక గ్లాసు పుచ్చుకుంది. ఉప్పు తక్కువైందంది. అది నమోదు చెయ్యలేదు.

వారం తర్వాత మండలి నుంచి తాఖీదు వచ్చింది: అంబలి తేనీటి పరిధిలోకి వచ్చునా రాదా అన్న అంశం పరిశీలనలో ఉన్నది. ఒక ఉపసంఘం వేశారు. ఉపసంఘం వారు వచ్చి నమూనా సీసాలో పోసుకెళ్ళారు. చోళ్ళ అంబలి, జొన్న అంబలి, గంజి వేరువేరు పానీయాలా, ఒకే పానీయపు రూపాంతరాలా అన్నదాని మీద అభిప్రాయభేదాలు వచ్చాయి. వారిలో వారికి చాలా తీవ్రమైన విమర్శలు నమోదయ్యాయట. ఇద్దరు సభ్యులకి మూడేసి పూర్తయ్యాయి. వారిని తొలగించారు. కొత్త సభ్యులు మొదటి నుంచి మొదలెట్టారు. ఆ పరిశీలన ఇంకా సాగుతోందని వింటున్నాను. చిరకాలం సాగిన పనితీరుకి గాను మండలికి పై స్థాయిలో బహుమతి వచ్చింది. కమలాకర్ గారికి పదోన్నతి వచ్చింది.

అంబలితో ఒక సౌకర్యం ఉంది. చిక్కన గనక టీ కంటే ఎక్కువసేపు తాగాలి. కొన్నాళ్ళు ఎవరూ ఏమీ అనలేదు. మర్యాద అలవాటైతే అంత సులువుగా వదలదు. ఒకనాడు నూకరత్నమే మొదలెట్టింది.

"బాబూ, నా గదిలో లైటు మార్చు. దీపావళి దివ్వె నయం."

"నీకు కళ్ళు అగుపడక లైటంటన్నావు," అన్నాడు ఎల్లాజీ, అని, హేమలత ఎక్కడుందో అని అలవాటుగా చూశాడు. ఆ రోజు ఆమె రాలేదు.

"కళ్ళు నాను సూసుకుంటాను, లైటు నువ్వు సూసుకో," అంది నూకరత్నం. ఆ శనివారం సన్యాసిరావు ఆమెని సైకిలు మీద కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. దారి పొడుగునా ఆమె అతని సైకిలు తొక్కుడు గురించి అన్నదట. చేతిలో గ్లాసు లేకుండా అనడం అన్యాయమని అతను మాతో చెప్పుకున్నాడు.

గోధుమరంగు ఫ్రేము కళ్ళజోడు వచ్చిన రోజున ఆమె పనంతా మామూలుగానే చేసింది. సాయంత్రం అందరూ చేతులు కడుక్కుంటున్నారు. కళ్ళజోడు రాకముందు రంగు కొట్టినవి, మర్నాడు పొద్దున్న లారీ ఎక్కవలసిన బీరువాలు వరసగా నిలబెట్టి ఉన్నాయి. ఆమె ఒక్కోదాని ముందు ఒంగి, కింది అంచు చూసుకుంటూ వెళ్ళి, ఒక దాని దగ్గర ఆగిపోయింది. వేలితో తడిమింది. తలుపు తెరిచి కింది అరలోకి తొంగి చూసింది.

"మేష్టారూ, ఇది నాను కొట్టిందేనా?"

"నువ్వు కొట్టిందే."

"దీన్ని సూసి మీరంతా ఊరుకున్నారా?"

"ఊరుకున్నాం."

"ఎలాగుండగలిగారు," అంది. ఆమె జవాబు కోసం చూడలేదు. అప్పటికే సాండ్ పేపరు తీసుకుని నేల మీద కూచుంది.

రేపు చూసుకోవచ్చన్నాను. వినలేదు. సన్యాసిరావు చొక్కా తొడుక్కున్నవాడు మళ్ళీ విప్పేసి, పొడుగు వైరుకి బల్బు తగిలించి, ఆమె చేతి మీద నీడ పడకుండా పట్టుకున్నాడు. ఎల్లాజీ లారీవాడికి ఫోన్ చేసి మధ్యాహ్నం రమ్మన్నాడు. ఆమె గీకి, తుడిచి, బ్రష్షు ముంచి, కింది అంచు వెంబడి ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక్క పట్టున లాగింది. కళ్ళజోడు ముక్కు మీదికి జారితే ముంజేత్తో పైకి తోసుకుని మళ్ళీ చూసింది. ఎక్కడా చుక్క కారలేదు. పక్క బీరువా దగ్గరికి జరిగింది.

అన్నీ అయ్యేసరికి బయట చీకటి పడుతోంది. సన్యాసిరావు బల్బు ఆర్పి వైరు చుట్టాడు. నూకరత్నం క్యారియర్ అందుకుంది. రోడ్డు మీద లారీలు పోతుంటే దుమ్ము లేచి గుమ్మం దాకా వస్తోంది. లోపల రంగు ఇంకా తడిగానే ఉంది. మేమందరం బయటికి వచ్చాక ఎల్లాజీ ఇనప తలుపుని రోజూలా విసురుగా తొయ్యలేదు. గాలి కూడా కదలకుండా రెండు చేతులతో పట్టి, మెల్లగా దగ్గరికి చేర్చి మూశాడు.